ఖాళీ గడిలో ఏమి వ్రాయాలి?

(హిందూపురంలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు "కంప్యూటర్ల గురించి ఏదైనా చెప్పండి" అని నాకు పురమాయించారు. నేను ఇంజనీరును కాను. పద్దుల గుమాస్తాగా 1971లో చేరి, సూపరింటెండెంటుగా 2007లో రిటైరైన వాడిని. అయితే రిటైరైన తరువాత మూడేళ్ళపాటు ఇక్కడి నుండి ప్రొద్దున రైలెక్కి బెంగుళూరు వెళ్ళి, ఒక చిన్న కంపెనీలో పని చేశాను. జీతాల బిల్లులు, పెన్షను లెక్కలు కట్టే ప్రోగ్రాములు అక్కడ తయారు చేసేవారు. ఆ ప్రోగ్రాములు వ్రాసే పిల్లలు చదువుకునేందుకు ఒక పుస్తకం వ్రాసి ఇవ్వటం నా పని. అది అచ్చయిన పుస్తకం కాదు. కంపెనీ గడప దాటి బయటికి రాలేదు. దాని సంగతీ, దాని వెనుక ఉన్న నా తప్పు సంగతీ ఈ రోజు చెప్పుకుంటాను.

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1979 మార్చి 31 అనే ఒక తేదీని పట్టుకొని, అంతకు ముందు రిటైరైన వారు ఒక రకం, తరువాతి వారు ఇంకొక రకం అని విడదీయటం చెల్లదన్నది ఆ తీర్పు సారాంశం. ఒక గడిలో ఉన్న తేదీ మనిషిని ఏ రకంలో వేస్తుందో, ఆ రకాన్ని బట్టి ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. నేను చెప్పబోయేదీ గళ్ళ గురించి, రకాల గురించే.

నా మొదటి పోస్టింగు పెనుకొండ. అప్పుడంతా అనంతపురం జిల్లాయే. శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్‌లో కదా వచ్చింది. అక్కడ మా పెద్ద గుమాస్తా గారు అణా పైసల కాలంలో సర్వీసులో చేరిన మనిషి. రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైలు కూడి, 1957 ఏప్రిల్ నుండి నయాపైసలకు మారి, రెండు లెక్కలూ చేతివ్రేళ్ళ మీద ఉన్నవారు. ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం కూడికలు కాదు, ఖాళీ గడి. రిజిస్టరులో ఏ గడినీ ఖాళీగా వదలనిచ్చేవారు కాదు. ఆ గడి ఆ ఉద్యోగికి వర్తించకపోతే అడ్డగీత గీయాలి. వర్తిస్తుంది కాని మొత్తం ఏమీ లేకపోతే "నిల్" అని సిరాతో వ్రాయాలి. వర్తిస్తుంది, ఏదో ఉంది, కాని మనకు తెలియదు అంటే పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాలి. "పెన్సిలెందుకు సార్?" అని అడిగితే, "రేపు తెలుస్తుంది, అప్పుడు చెరిపి సిరాతో వ్రాస్తావు" అన్నారు. పెళ్ళి కాని వాడికి భార్య పేరు గడిలో గీత. అప్పు తీర్చేసిన వాడికి నిల్. సర్వీసు రిజిస్టరు రాని వాడికి పెన్సిలు. ఇరవై రెండేళ్ళ కుర్రవాడిని, ఇదంతా చాదస్తమనుకున్నాను.

తరువాత 1998లో ధర్మవరంలో ఉండగా కంప్యూటరులోకి పాత పెన్షనర్ల వివరాలు ఎక్కించే పని వచ్చింది. రెండు వేల సంవత్సరం దగ్గర పడుతోంది, సంవత్సరానికి రెండే అంకెలు పెట్టుకున్న పాత ప్రోగ్రాములు తికమక పడతాయని అంతటా హడావుడి. మాకు క్రొత్త ప్రోగ్రాము, ఒక ఆపరేటరు కుర్రాడు, మూడు నెలల గడువు ఇచ్చారు. తెర మీద "భార్య లేక భర్త పుట్టిన తేదీ" అని ఒక గడి ఉండేది. దాన్ని నింపితే తప్ప ఆ ప్రోగ్రాము తరువాతి తెరకు కదలదు. మన పాత కాగితాల్లో భార్యల పుట్టిన తేదీలు ఎక్కడివి? "సార్, తేదీ లేదు, ఏం చేయమంటారు?" అని ఆ కుర్రాడు అడిగాడు. నేను ఫైలులోంచి తల ఎత్తకుండా, "ఆయన తేదీయే వెయ్యి, తరువాత సరిచేసుకుందాం" అన్నాను. ఆ తరువాత ఆ కుర్రాడు మళ్ళీ అడగలేదు. తేదీ లేని చోటల్లా భర్త తేదీయే వేసుకుంటూ పోయాడు. గడువులోపల పని పూర్తి చేశామని మెచ్చుకోలు కాగితం కూడా వచ్చింది.

ఇక బెంగుళూరు సంగతి. మా ఊరి వాళ్ళ అమ్మాయి ఒకతె ఆ కంపెనీలో పనిచేస్తూ, "పిల్లలకు పెన్షను రూల్సు తెలియక తప్పులు చేస్తున్నారు తాతా, వచ్చి వ్రాసి పెట్టు" అన్నది. నేను మొదట మన ఆఫీసు ఇంగ్లీషులో, పేరాకు నెంబరు వేసి, నలభై పేజీలు దిట్టంగా వ్రాసి ఇచ్చాను. ఒక్కరూ చదవలేదు. తప్పులు అట్లాగే వచ్చాయి. నాకు కోపం వచ్చింది. ఆ అమ్మాయే నెమ్మదిగా, "మీరు రూలు చెప్పారు, ఆ గడిలో ఉన్నది ఏ జాతి వస్తువో చెప్పలేదు. మేము ప్రోగ్రాములో మొట్టమొదట వ్రాయవలసింది అదే" అన్నది. అప్పుడు తెలిసింది, వాళ్ళ భాషలో దాన్ని టైపు అంటారని. మనం రకం అనుకుందాం.

ప్రతి గడికీ రకం చెప్పాలి. ఇది అంకె, ఇది అక్షరాల వరుస, ఇది తేదీ అని. చెప్పిన తరువాత ఆ గడిలో ఏమేమి పట్టవచ్చు, దానితో ఏమేమి చేయవచ్చు అన్నది తీర్మానమైపోతుంది. ప్రోగ్రామును నడపక ముందే కంపైలరు అనే ఇంకొక ప్రోగ్రాము అంతా చదివి, రకం కుదరని చోట ఎర్ర సిరా పెట్టి తిప్పి పంపుతుంది. అంటే మన ప్రీ-ఆడిట్. కొన్ని భాషల్లో ఈ ముందు తనిఖీ ఉండదు, నడిచేటప్పుడే తప్పు బయట పడుతుంది. అది చెల్లింపు అయిపోయాక వచ్చే ఆడిట్ అభ్యంతరం వంటిది. రెంటిలో ఏది మేలో ఈ సభలో ఉన్నవారికి వేరే చెప్పాలా!

రెండవసారి వ్రాయటానికి కూర్చున్నప్పుడు, ఈ రకమన్న మాట పిల్లలకు ఎక్కడ నుండి మొదలుపెట్టి చెప్పాలా అని ఆలోచించాను. వాళ్ళ అమ్మల దగ్గర నుండే మొదలుపెట్టాను. "మూడు మనుషులు వచ్చారు" అని చిన్నప్పుడు మీరంటే మీ అమ్మ ఏమన్నది? "ముగ్గురు అనాలిరా" అని దిద్దింది. "ముగ్గురు ఎద్దులు" అంటే నవ్వింది. లెక్క ఒకటే, మూడే. కాని లెక్కపెట్టే వస్తువు రకాన్ని బట్టి మాట మారుతుంది. అయిదేళ్ళ పిల్లవాడు కూడా ఈ తనిఖీ దాటకుండా మాట్లాడలేడు. కన్నడం పిల్లలు వెంటనే అందుకొని, "మాకూ అంతే సార్, మనుషులైతే మూవరు, వస్తువులైతే మూరు" అన్నారు. మన వ్యాకరణాల్లో మహత్తు, అమహత్తు అని చదువుకున్నాము కదా, అదే. అందులో ఒక తమాషా ఉంది. "అతను వచ్చాడు", "ఆమె వచ్చింది", "ఆవు వచ్చింది". ఏకవచనంలో ఆడమనిషిని ఆవుతో కలిపేసిన భాష, బహువచనంలో మాత్రం "వాళ్ళు వచ్చారు" అని మగవారి సరసన కూర్చోబెడుతుంది. ఈ మాట చెప్పగానే ఆడపిల్లలు నాతో పోట్లాటకు దిగారు. (నవ్వులు) దిగితే దిగారు, ఆ రోజు నుండి నా కాగితాలు చదవటం మొదలుపెట్టారు.

తరువాత అంకెల్లాగా కనిపించే, అంకెలు కాని వస్తువులు. హిందూపురం పిన్ కోడు 515201. పెనుకొండది 515110. రెండూ కూడితే 1030311. అది ఏ ఊరు? కూడితే అర్థం లేనిది అంకె కాదు, అంకెలతో వ్రాసిన పేరు. పి.పి.ఓ. నెంబరు అంతే, బ్యాంకు ఖాతా నెంబరు అంతే. దాన్ని అంకె రకంలో పెడితే కంప్యూటరు ముందున్న సున్నలను తీసిపారేస్తుంది. దానికి 00452 అన్నా 452 అన్నా ఒకటే. బ్యాంకుకు ఒకటి కాదు. మన వాళ్ళలో ఎంతమంది "ఖాతా నెంబరు తప్పు" అని కాగితం తిరిగొచ్చి తిరిగారో మీకు తెలుసు. కొంత తప్పు ఇక్కడ ఉంది. ఇంకొక అడుగు ముందుకు వేసి, పి.పి.ఓ. నెంబరుకు ఒక రకం, ఖాతా నెంబరుకు ఇంకొక రకం అని విడివిడిగా పేర్లు పెట్టండని వ్రాశాను. అప్పుడు ఒకదాని చోట ఇంకొకటి పెడితే కంపైలరే పట్టుకుంటుంది. ఇది నా తెలివి కాదు, పిల్లలే చూపించారు. నేను వెనుక కారణం వ్రాశాను, అంతే.

డబ్బు దగ్గర ఎక్కువ పేజీలు పట్టాయి. నేను ఎప్పుడూ వినని సంగతి అక్కడ విన్నాను. కంప్యూటరుకు దశాంశాలు వ్రాసుకోవటానికి ఫ్లోట్ అనే రకం ఉంది. దానిలో 0.1కి 0.2 కూడితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. నమ్మలేక నా ముందర చేయించాను. మూడింట ఒక వంతును మనం 0.3333 అని ఎంత దూరం వ్రాసినా ముగియదు కదా. యంత్రం లెక్క రెండ్లతో నడుస్తుంది. దానికి పదింట ఒకటి అట్లాంటి ముగియని భిన్నం. ఎక్కడో ఒక చోట తెంపేస్తుంది. తెంపిన ముక్క చిన్నదే, కాని పేరుకుంటుంది. 1991 ఫిబ్రవరి 25న గల్ఫ్ యుద్ధంలో, సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో పేట్రియట్ క్షిపణి వ్యవస్థ వస్తున్న స్కడ్ క్షిపణిని పట్టుకోలేకపోయింది. 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. దాని గడియారం సెకనులో పదో వంతులను లెక్కపెట్టేది. నూరు గంటలు ఆపకుండా నడిచేసరికి సెకనులో మూడో వంతు తేడా వచ్చింది. ఆ కాస్త కాలంలో స్కడ్ అర కిలోమీటరు పైగా దాటిపోతుంది.

మన పెన్షనుకు అంత ప్రమాదం లేదు. కాని పైసా తేడా వస్తే బిల్లు టాలీ కాదని, పైసా కోసం రాత్రి తొమ్మిది దాకా కూర్చున్న వాళ్ళం మనం. కాబట్టి డబ్బును పైసల్లో పూర్ణాంకంగా పెట్టండి, లేకపోతే దశాంశాలను దశాంశాలుగానే ఉంచుకునే రకాన్ని వాడండి, ఫ్లోటును డబ్బు దగ్గరికి రానివ్వకండి అని వ్రాశాను. 1960 నాటి కోబాల్ భాష వాళ్ళు ఈ పని అప్పుడే చేశారట. ఇన్ని అంకెలు రూపాయలకు, ఇక్కడ చుక్క, రెండంకెలు పైసలకు అని మన బిల్లు ఫారంలో గళ్ళు గీసినట్టే గీశారు. ఆ పనిలో లెక్కల గుమాస్తాలెవరో కూర్చొని ఉంటారని నా అనుమానం.

ఇప్పుడు తేదీలు. ఈ హాలులో జూలై 1న పుట్టినవారు ఒకసారి చేతులెత్తండి. (చాలా చేతులు లేచాయి; నవ్వులు) చూశారా! మన అందరి తల్లులూ ఒకే రోజున కనలేదు. పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిస్తే జూలై 1 అని, నెల కూడా తెలిస్తే ఆ నెల 16 అని వేయాలని రూలు. ఇది తెలియక ఆ పిల్లలు ఒక జాబితా చూసి, "ఇంతమంది జూలై ఒకటిన ఎట్లా పుట్టారు, డేటా తప్పు" అని చెరపబోయారు. నిజంగా జూలై 1న పుట్టినవాడు ఒకడు, రూలు ప్రకారం పుట్టినవాడు ఇంకొకడు. గడిలో రెండూ ఒకేలాగా ఉంటాయి. పైగా ఒకటో తేదీన పుట్టినవాడు ముందు నెల ఆఖరు రోజునే రిటైరు కావాలి. జూన్ 30న రిటైరై, జూలై 1 ఇంక్రిమెంటు పోగొట్టుకున్న వారి వ్యాజ్యం 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచిందని మీరు పత్రికల్లో చూశారు. కాబట్టి తేదీతో బాటు "ఇది తెలిసిన తేదీయా, రూలు వేసిన తేదీయా" అన్నది కూడా రకంలోనే ఉండాలని ఒక పేజీ వ్రాశాను. ఆ పేజీ వ్రాసి గర్వపడుతున్న రోజుల్లోనే ధర్మవరం నుండి కబురు వచ్చింది.

2009 వానాకాలం. ఒక రిటైరైన అటెండరు ఒక ముసలామెను వెంటబెట్టుకొని ధర్మవరం శాఖ ఆఫీసులో నా కోసం కూర్చున్నాడు. ఆమె భర్త మన పెన్షనరే. ఆ సంవత్సరం జనవరిలో పోయారు. ఏడు నెలలైనా ఫ్యామిలీ పెన్షను మొదలు కాలేదు. ఓటరు కార్డు ప్రకారం ఆమెకు అరవై ఆరు. కంప్యూటరులో ఉన్న భార్య పుట్టినది 1-7-1933, అంటే డెబ్బై ఆరు. కార్డులో ఉన్న స్త్రీ, రికార్డులో ఉన్న భార్య ఒకరేనని ఋజువు తెమ్మన్నారు. నేను ఆ ప్రింటు కాగితం చూశాను. భర్త పుట్టిన తేదీ 1-7-1933. ప్రక్క గడిలో భార్యది 1-7-1933. ఆయనదే రూలు వేసిన తేదీ. దాన్ని తెచ్చి ఆమెకు అంటించాను. నాకు నోట మాట రాలేదు.

నేనే ఆ తేదీ వేయించానని ఆమెకు చెప్పాను. ఆమె కోపగించుకోలేదు. నిజంగా ఆశ్చర్యపోయి, "నేను పుట్టిన తేదీ నాకే తెల్దు, మీకెట్ల తెలిసింది నాయనా?" అని అడిగింది.

ఆ గడిలో వేసిన తేదీ నా చేతి మీదుగా, ఏ ఆధారమూ లేకుండా వేయించినదని వాంగ్మూలం వ్రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఇంకొక రెండు నెలలకు పెన్షను వచ్చింది. బకాయి అంతా ఒకేసారి వచ్చింది. కాని ఆ తొమ్మిది నెలల్లో ఆమె కమ్మలు తాకట్టు పెట్టి బియ్యం కొనుక్కున్నది. తాకట్టుకు వడ్డీ కట్టింది. బకాయికి ఎవరూ వడ్డీ ఇవ్వలేదు.

ఆ ఆదివారం ఇంటికి వచ్చి, ఖాళీ గడి గురించి క్రొత్త అధ్యాయం మొదలుపెట్టాను. పెనుకొండ పెద్ద గుమాస్తా గారి గీత, నిల్, పెన్సిలు మూడూ అందులో పెట్టాను. కంప్యూటరు భాషల్లో దీనికి నల్ అని ఒకే ఒక గుర్తు ఉంది. టోనీ హోర్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు 1965లో ఒక భాషలో దాన్ని ప్రవేశపెట్టాడు. చేయటం సులభంగా ఉంది కదా అని పెట్టేశానని, అది తన నూరు కోట్ల డాలర్ల తప్పు అని 2009లో ఆయనే ఒక సభలో చెప్పుకున్నాడు. నేను ధర్మవరంలో కూర్చొన్న సంవత్సరమే! ఆయన బాధ ఏమిటంటే, ఏ గడిలోనైనా ఏమీ లేకపోవచ్చు, కాని ముందు తనిఖీ చేసే కంపైలరు ఆ సంగతి అడగదు. ఉన్నదనుకొని వాడేస్తారు, అక్కడ ప్రోగ్రాము కూలిపోతుంది. ఇప్పటి కొన్ని భాషల్లో దీనికి మందు వేశారు. గడికి "ఉండవచ్చు, లేకపోవచ్చు" అని రకం చెబితే, లేకపోతే ఏమి చేయాలో వ్రాసేదాకా కంపైలరు వదలదు.

నా అభిప్రాయం వేరు. ప్రోగ్రాము కూలిపోయినా నష్టం లేదు, వెంటనే తెలుస్తుంది. "ఖాళీ ఒప్పుకోను" అని భీష్మించుకున్న గడి దానికంటే చెడ్డది. అది మనిషి చేత అబద్ధం వ్రాయిస్తుంది. ఆ అబద్ధం నిజం లాంటి దుస్తులు వేసుకొని పదకొండేళ్ళు కూర్చుంటుంది. ఈ వాక్యం నా పుస్తకంలో వ్రాశాను. తప్పనిసరి గడి పెట్టే ముందు "ఇది తెలియని మనిషి వస్తే గుమాస్తా ఏమి చేస్తాడు?" అని అడగమన్నాను. తెలియదు అన్నదాన్ని, వర్తించదు అన్నదాన్ని, సున్నను మూడు వేరు వేరు రకాలుగా పెట్టమన్నాను. దాని క్రింద ధర్మవరం కథంతా, నా పేరుతో సహా, పూసగుచ్చినట్టు వ్రాశాను. పేరు తీసేద్దామని మేనేజరు అన్నాడు. వద్దన్నాను. ఆ ఒక్క అధ్యాయాన్ని క్రొత్తగా చేరిన ప్రతి పిల్లవాడూ చదివేవాడని ఆ అమ్మాయి తరువాత చెప్పింది.

ఇక చివరిగా నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఆ 1998 నాటి వేసవిలో అట్లాంటి తేదీలు ఎన్ని వేయించానో నాకే తెలియదు. పెన్సిలుతో వేసి ఉంటే కనిపించేవి, నేను సిరాతో వేయించాను. పోనీ, ఒక ఆనవాలు ఉంది. భార్యాభర్తలిద్దరూ ఒకే రోజున పుట్టిన రికార్డులు వెతకండని ఆఫీసులో అడిగాను. దయ తలచి తీసి ఇచ్చారు. రెండు పేజీల జాబితా వచ్చింది. పదేళ్ళపాటు ధర్మవరం, పెనుకొండ శాఖల మిత్రులు ఇంటింటికీ వెళ్ళి, చాలా వరకు సరిచేయించారు. కొందరి చిరునామాలు మారాయి. కొందరు పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు. ఇంకా పదకొండు పేర్లు మిగిలాయి.

ఆ పదకొండు పేర్లూ బయట నోటీసు బోర్డు మీద అతికించాను. ఎవరికైనా ఆచూకీ తెలిస్తే చెప్పండి. మిగతావారు మీ పెన్షను కాగితాల నకలు తెచ్చి ఉంటే, భోజనాల తరువాత స్తంభం ప్రక్కనున్న బల్ల దగ్గరికి రండి. భార్య లేక భర్త పుట్టిన తేదీ గడి ఒక్కటి చూసుకుందాము. అది మీ తేదీయే అయి ఉంటే సిగ్గుపడవలసినది నేను, మీరు కాదు. మార్పిడి అర్జీ ఫారాలు తెచ్చాను. పెన్సిళ్ళు కూడా తెచ్చాను.

సెలవు.